పిలిస్తే వచ్చే నేస్తం

వీధి తలుపు తీసి ఉంది. మూడు నెలల కుక్కపిల్ల ఒక్క గంతులో బయటపడింది. రోడ్డు మీద లారీ వస్తోంది. "మోతీ! రా!" అని ఇంటివాళ్లు కేకవేశారు. ఆ కేక విని వెనక్కు తిరిగితే దాని ప్రాణం దక్కుతుంది. తిరగకపోతే? అందుకే పిలవగానే రావడం కుక్కపిల్లకు మొట్టమొదట నేర్పాలి.

కుక్కకు మన మాటల అర్థం పుట్టుకతో తెలియదు. కాని ఏ చప్పుడు తరవాత ఏం జరుగుతుందో అది బాగా గుర్తుపెట్టుకుంటుంది. రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్‌లోవ్ (1849–1936) కుక్కల జీర్ణక్రియను పరిశీలిస్తూ ఒక వింత గమనించాడు. తిండి నోటికి అందకముందే, తిండి పెట్టే మనిషి రాకను పసిగట్టగానే వాటికి నోరూరేది. ఒక చప్పుడు వెంట ప్రతిసారీ తిండి వస్తుంటే, ఆ చప్పుడే తిండికి గుర్తవుతుందని ఆయన ప్రయోగాలు చేసి చూపాడు. "రా" అనే మాటను కూడా ఇలాగే సంతోషానికి గుర్తు చేయాలి.

మొదట ఇంట్లో, సందడి లేని చోట మొదలుపెట్టాలి. రెండు మూడడుగుల దూరంలో కూర్చుని, పేరు పెట్టి హుషారుగా "రా" అని ఒక్కసారే పిలవాలి. రాగానే వీపు నిమిరి, చిన్న రొట్టె ముక్క పెట్టాలి. చాక్లెట్లు, ద్రాక్షపళ్లు, ఉల్లిపాయలు మాత్రం పెట్టకూడదు. అవి కుక్కలకు హాని చేస్తాయి. పూటకు ఐదు నిమిషాలు చాలు. తడబడకుండా వస్తుంటే దూరం పెంచాలి. తరవాత పొడుగాటి తాడు కట్టి పెరట్లో నేర్పాలి. రాకపోతే వెంటపడకూడదు. వెంటపడితే అది ఆట అనుకుని ఇంకా దూరం పరుగెత్తుతుంది. మనమే నాలుగడుగులు ఎదురు దిక్కుకు పరుగెత్తితే, అదే మన వెంట వస్తుంది.

ఇంట్లో అందరూ ఒకే మాటతో పిలవాలి. తెలుగులో "రా", కన్నడంలో "బా", తమిళంలో "వా", మరాఠీలో "యే", ఒడియాలో "ఆ" – ఏ మాటనైనా కుక్కపిల్ల నేర్చుకోగలదు. కాని ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట వాడితే మొదట్లో తికమకపడుతుంది.

అన్నిటికన్న పెద్ద పొరపాటు పిలిచి కొట్టడం. చెప్పు కొరికిన కుక్కపిల్లను "రా" అని పిలిచి దెబ్బ వేశారనుకోండి. ఆ దెబ్బ చెప్పు కొరికినందుకని దానికి తెలియదు. పిలిస్తే వచ్చినందుకే అనుకుంటుంది. మరునాడు పిలిస్తే మంచం కింద దూరుతుంది. మందు పోయడం వంటి దానికి నచ్చని పనులకు కూడా పిలవకూడదు. మనమే వెళ్లి ఎత్తుకురావాలి.

ఎంత బాగా నేర్చిన కుక్కనైనా రోడ్డు మీద గొలుసుతోనే నడిపించాలి. అయినా ఏదో ఒకనాడు తలుపు తీసి ఉంటుంది. ఆనాడు దాన్ని వెనక్కు తిప్పేది గొలుసు కాదు. పిలిచిన ప్రతిసారీ ఆదరణే దొరికిందన్న నమ్మకం.