విడాకుల కాగితమును న్యాయస్థానపు డిక్రీయును



సంక్రాంతికి ముందు ఒకనాటి సాయంకాలము నలువదియేండ్ల స్త్రీ యొకతె నాయొద్దకు వచ్చెను. ఆమె చేతిలో మడతలు పడి చిరుగుటకు సిద్ధముగానున్న నూరు రూపాయల స్టాంపు కాగితమొకటి యున్నది. 14 సంవత్సరముల క్రిందట వ్రాసినది. "మేముభయులము ఇష్టపూర్వకముగా నేటినుండి విడిపోవుచున్నాము, ఇకమీదట ఒకరిపై నొకరికి ఎట్టి హక్కును లేదు" అని అందున్నది. క్రింద అయిదుగురు పెద్దమనుషుల చేవ్రాళ్లు. పిమ్మట రెండేండ్లకు ఆమె మారుమనువాడినది. ఇద్దరు బిడ్డలు కలిగిరి. ఆ రెండవ భర్త చిన్న ప్రభుత్వోద్యోగి. అతడు హఠాత్తుగా మరణింపగా కుటుంబ పింఛనునకు అర్జీ పెట్టుకొన్నది. మొదటి వివాహము రద్దయినట్లు కోర్టు డిక్రీ తెమ్మనిరి. ఈ కాగితము చూపగా చెల్లదనిరి.

"అయ్యా, అయిదుగురు పెద్దలు వ్రాళ్లు చేసినది చెల్లకపోవుటేమి?" అని యామె నన్నడిగెను.

ఆ ప్రశ్న నన్నడిగినదే గాని, సమాధానము వినవలసినవారు మీరు. మన గ్రామములలో ఆలుమగల తగవు మొదట చేరునది రచ్చబండకు, కోర్టుకు కాదు. మీ మాటపై నమ్మకముంచి మనుష్యులు తమ బ్రతుకులనే మార్చుకొందురు. ఆ యైదుగురిని నేను తప్పుపట్టుటలేదు. రోజూ కొట్లాడుకొనువారిని విడదీసి, రెండు కుటుంబములను శాంతింపజేసిరి. వారు చేయని పని యొక్కటే. ఆ కాగితమునకు చట్టమున బలమున్నదా యని యొక న్యాయవాది నడుగలేదు.

మన తెలుగునాట విడాకులు క్రొత్త వింత కాదు. కొన్ని కులములలో కులపెద్దల యెదుట విడిపోవుటయు, మారుమనువాడుటయు పూర్వమునుండి ఆచారముగా నున్నవే. శాసనరూపమున నన్ననో, కోస్తా రాయలసీమ జిల్లాలు చేరియున్న నాటి మద్రాసు రాష్ట్రమున 1949లో హిందువులలో ద్వితీయ వివాహమును నిషేధించి విడాకుల కవకాశమిచ్చు చట్టము వచ్చెను. పిదప 1955లో పార్లమెంటు హిందూ వివాహ చట్టమును చేసెను. ఆ చట్టపు 29వ సెక్షను ఆచారముచేత సిద్ధించు విడాకులను తీసివేయలేదు. కావుననే పెద్దమనుషులు "ఇది మన ఆచారమే గదా" యని ధైర్యముగా వ్రాయింతురు.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఆచారము కలదని యెవడు చెప్పునో వాడే దానిని రుజువు చేయవలెను. అది పూర్వమునుండి యెడతెగక వచ్చుచున్నదనియు, ఆ కులమున ఆ ప్రాంతమున అందరును అంగీకరించినదనియు, ఫలానా ఫలానా వారు ఈ రీతిగనే విడిపోయి మరల పెండ్లాడిరనియు సాక్షులు చెప్పవలెను. తమ కులమున అట్టి ఆచారమే లేనివారు లక్షరూపాయల స్టాంపుపై వ్రాసికొన్నను అది విడాకులు కాదు. నోటరీ ముద్ర వేయించినను, రిజిస్టరు చేయించినను కాదు. మొదటి పెండ్లి నిలిచియున్నట్లే. రెండవ పెండ్లి చట్టమున శూన్యము. దానివలన పుట్టిన బిడ్డలకు మాత్రము 16వ సెక్షను రక్షణ కలదు. వారు న్యాయసమ్మతమైన సంతానమే. తలిదండ్రుల యాస్తిలో వారికి హక్కుండును. ఆ బిడ్డలనుగూర్చి నోరుజారువారికి ఈ సంగతి చెప్పుడు.

మరి ఆచారము నిజముగా నున్నవారు ఏమి చేయవలెను? ఆ వివాహము రద్దయినదని ప్రకటింపుమని కుటుంబ న్యాయస్థానమున దావా వేయవచ్చును. అయితే సాక్షులు బ్రతికియుండగనే వేయవలెను. ఆ స్త్రీ కాగితముపై వ్రాళ్లు చేసిన యైదుగురిలో ముగ్గురు కాలధర్మము నొందిరి.

ఇక న్యాయవాది చేయు పని యేమని మీరడుగవచ్చును. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము 13వ సెక్షను ప్రకారము అచ్చట న్యాయవాదిని పెట్టుకొనుట కక్షిదారునకు హక్కుగా లేదు, న్యాయాధిపతి అనుమతింపవలెను. దంపతులు తమ గోడు తామే చెప్పుకొనవలెనని ఆ చట్టపు తలంపు. ఆ తలంపు మంచిదే. కాని అనుమతి సాధారణముగా లభించుచునేయున్నది. లభింపకున్నను అర్జీ వ్రాయుట, కాగితములు కూర్చుట, దారి చెప్పుట యను పనులు కోర్టు వెలుపలివే గదా.

మంచి ప్లీడరు మొదట మీ కథ వినును. పిదప ప్రశ్నలు వేయును. ఏ మతము? ఏ పద్ధతిని పెండ్లి జరిగినది? హిందువులకొక చట్టము, క్రైస్తవులకు 1869 నాటిదొకటి, ముస్లిములకు వారి ధర్మశాస్త్రముతోబాటు 1939 నాటి చట్టము, 1954 ప్రత్యేక వివాహ చట్టము క్రింద పెండ్లాడినవారికి అదియే. షెడ్యూల్డు తెగలవారికి, కేంద్రప్రభుత్వము వేరుగా ప్రకటించిననే తప్ప, హిందూ వివాహ చట్టము వర్తింపదు. మన్యపు గ్రామముల పెద్దలు దీనిని మరువరాదు. పిదప తేదీలు: పెండ్లి యెప్పుడు, కడపటిసారి కలసియున్నదెప్పుడు, ఎచ్చట. పెండ్లి జరిగిన చోటనో, ఎదుటివారు నివసించు చోటనో, ఇద్దరును కడపట కలసియున్న చోటనో అర్జీ వేయవచ్చును. భార్య వేయునపుడు తానున్న చోటనే వేయుటకు 2003లో అవకాశము కల్పింపబడినది. పుట్టింటికి చేరిన బిడ్డను వేరు జిల్లాకు త్రిప్పనక్కరలేదు. వెళ్లునప్పుడు శుభలేఖ, పెండ్లి ఫొటోలు, వివాహ రిజిస్ట్రేషను పత్రము, పిల్లల జనన ధ్రువపత్రములు, పెట్టిన బంగారపు జాబితా తీసికొని పొండు.

ఇద్దరును ఒప్పుకొన్నచో దారి సులభము. 1976లో చేర్చిన 13-బి సెక్షను ప్రకారము ఒక సంవత్సరము వేరుగా నున్న దంపతులు కలసి యొకే అర్జీ వేయుదురు. ఆరు నెలలు గడచిన పిమ్మట, 18 నెలలు మించకుండ, మరల వచ్చి అదే మాట చెప్పవలెను. కలసిబ్రతుకు ఆశ లేదని తోచినచో న్యాయాధిపతి ఆ యారు నెలలను తగ్గింపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పినది. డిక్రీ వచ్చులోపల ఇరువురిలో నెవరైనను సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చును. అందుచేత ఇయ్యవలసిన సొమ్మంతయు మొదటినాడే చేతబెట్టక, కొంత అప్పుడు, మిగిలినది రెండవసారి వాఙ్మూలమిచ్చినప్పుడు ఇచ్చునట్లు షరతులు వ్రాయించుట మేలు. మీరు రచ్చబండపై కుదిర్చిన రాజీ వృథా కాదు. దానినే ప్లీడరుచేత ఈ యర్జీలోనికి ఎక్కింపుడు. మీ తెలివియు నిలుచును, చట్టపు ముద్రయు పడును.

ఒప్పుకొననిచో దారి దీర్ఘము. క్రూరత్వము, రెండేండ్లు విడిచిపెట్టుట, వ్యభిచారము, మతము మారుట మొదలగు కారణములలో నొకటి రుజువు కావలెను. పెండ్లియైన యేడాది లోపల, దుర్భరమైన కష్టముంటే తప్ప, అర్జీ తీసికొనరు. అర్జీ, సమను, జవాబు, రాజీ ప్రయత్నము, సాక్ష్యములు, వాదములు, తీర్పు: ఇదీ వరుస. ఆడువారు పదిమంది యెదుట సంసారపు మాటలు చెప్పుటకు జంకుదురు. ఇరువురిలో నొకరు కోరినచో తలుపులు మూసి విచారింతురని వారికి ధైర్యము చెప్పుడు.

సమను వచ్చినప్పుడు "తీసికొనకుంటే కేసుండదు" అని చెప్పు మహానుభావులు ప్రతి యూరను ఒకరుందురు. వారి మాట వినినవారు ఏకపక్షపు డిక్రీ చేత పట్టుకొని నాయొద్ద కేడ్చుచు వత్తురు. అట్టి డిక్రీని కొట్టివేయుమని కోరుటకు గడువు 30 దినములు మాత్రమే.

మనోవర్తి విషయము. విడాకుల అర్జీ నడచుచుండగనే తిండికిని, కోర్టు ఖర్చులకును 24వ సెక్షను క్రింద సొమ్ము కోరవచ్చును. విడాకులతో నిమిత్తము లేకుండ మేజిస్ట్రేటునకో కుటుంబ న్యాయస్థానమునకో అర్జీ పెట్టుకొను పూర్వపు 125వ సెక్షను, 2024 జూలై 1 నుండి క్రొత్త నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనయినది. భార్యయేకాక పిల్లలును, వృద్ధులైన తలిదండ్రులును దీనిక్రింద కోరవచ్చును. విడాకులు పొందిన ముస్లిము స్త్రీకిని ఈ హక్కు కలదని తెలంగాణనుండి వెళ్లిన యొక కేసులో సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పెను. ఉభయులును తమ ఆస్తి, ఆదాయము, అప్పులు ప్రమాణపత్రముపై చెప్పవలెననియు, అర్జీ పెట్టిన నాటినుండి మనోవర్తి లెక్కింపవలెననియు 2020లో నిర్ణయించినది. పొలము కౌలునకిచ్చి "నాకేమియు లేదు" అనువాని కిది ఇబ్బందియే. మన యూరివాడని దాచవద్దు.

పిల్లలు ఎవరియొద్ద నుండవలెనన్న విషయమున తలిదండ్రుల పంతములకంటె పిల్లల క్షేమమే ముఖ్యము. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లియొద్దనే యుండును.

ఫీజుల మాట చెప్పక తప్పదు. మా వృత్తివారు కోపగింతురేమో గాని. తెల్లకాగితముపై సంతకము పెట్టుమనువానిని నమ్మకుడు. వచ్చిన మనోవర్తిలో పాలు ఇమ్మని యడుగుట బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. లేని క్రూరత్వమును కల్పించి వ్రాయుదునను ప్లీడరు మీ కేసును బలపరచుటలేదు. ఎదుటి ప్లీడరు వేయు పది ప్రశ్నలలో అది కూలును. ఇచ్చిన సొమ్మునకు రసీదు పుచ్చుకొనుడు. స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో పనిలేక ఉచితముగా న్యాయవాది నియ్యవలెనని 1987 చట్టము చెప్పుచున్నది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడుగవచ్చును; 15100 అను నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

డిక్రీ వచ్చిన మరునాడే పెండ్లిచూపులకు బయలుదేరవద్దు. అప్పీలు గడువు దాటవలెను. అప్పీలు దాఖలైనచో అది కొట్టివేయబడువరకు వేచియుండవలెను. ఆ తేదీ యేదో ప్లీడరుచేత కాగితముపై వ్రాయించుకొనుడు.

ఆ స్త్రీ పక్షమున నేను ప్రకటన దావా వేసితిని. వ్రాళ్లు చేసిన యైదుగురిలో మిగిలిన యిద్దరిలో ఒకరికి జ్ఞాపకము తప్పినది. ఎనుబదియేండ్లు దాటిన రెండవవారు, తమ మేనత్తయు, పినతండ్రి కూతురును ఆ రచ్చబండ యెదుటనే విడిపోయి మారుమనువాడిరని కోర్టులో చెప్పుటకు సమ్మతించిరి. సాక్షిబోనులో నిలువలేరు గనుక కుర్చీ వేయింపుమని అర్జీ పెట్టితిని. వాయిదా వచ్చు నెలలో నున్నది.