జైలు శిక్ష పడింది.. మరి ఇంటికెలా వచ్చాడు?

‘నిందితుడికి రెండేళ్ల జైలు.. శిక్ష నిలుపుదల, బెయిల్ మంజూరు’. ఇలాంటి వార్త చదవగానే ‘పోలీసును కొట్టినా ఇంటికి పంపేస్తారా?’ అనిపిస్తుంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేరవుతున్న వాళ్లకైతే మరీను. తీవ్ర నేరాల్లో, అందులోనూ విధుల్లో ఉన్న పోలీసుల మీద దాడి చేసిన కేసుల్లో, ఈ వెసులుబాటు తగ్గించాలనే మాట తరచూ వింటుంటాం. సరే, తగ్గించాల్సింది అసలు దేన్ని?

జర్మనీలో జడ్జి జైలు శిక్ష వేసి, ‘షరతులు పాటిస్తే లోపలికి వెళ్లక్కర్లేదు’ అని తీర్పులోనే చెప్పొచ్చు. మామూలుగా ఏడాది లోపు శిక్షలకే ఇది వర్తిస్తుంది. ప్రత్యేక కారణాలుంటే రెండేళ్ల దాకా. అంతకు మించితే కుదరదు. జపాన్‌లో ఆ గీత మూడేళ్ల దగ్గర ఉంది. పోలీసుల మీద చేయి చేసుకోవడాన్ని జర్మనీ 2017లో ప్రత్యేక నేరంగా మార్చి, కనీసం మూడు నెలల జైలు పెట్టింది. అయినా శిక్ష నిలుపుదల తలుపు మాత్రం మూయలేదు. ఎమ్మెస్ కోసం అక్కడికి వెళ్లే మనవాళ్లకు ఇది తెలిసుండటం మంచిది.

మన దేశంలో ఆ తరహా శిక్షే లేదు. మనకున్నవి రెండు వేర్వేరు దారులు. వార్తల్లో రెండూ ఒకటే అన్నట్టు కనిపిస్తాయి.

మొదటిది అప్పీలు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 430 కింద అప్పీలు తేలేవరకు శిక్ష అమలును ఆపొచ్చు. మూడేళ్లు, అంతకు తక్కువ శిక్షయితే, బెయిల్ మీద ఉన్న వ్యక్తికి అప్పీలు వేసుకునే గడువును శిక్ష వేసిన కోర్టే ఇవ్వగలదు. పదేళ్లు, ఆపైన శిక్ష పడదగ్గ నేరమైతే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. ఇది క్షమాభిక్ష కాదు, వాయిదా అంతే. మాదకద్రవ్యాల చట్టంలో ఈ దారిని పూర్తిగా మూసేస్తే, కోర్టుల చేతులు అలా కట్టేయడం చెల్లదని 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమే కదా! శిక్ష మొత్తం అనుభవించాక అప్పీల్లో నిర్దోషి అని తేలితే, పోయిన రోజులు ఎవరిస్తారు?

అసలు చర్చ జరగాల్సింది రెండో దారి మీద. అదే ప్రొబేషన్. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం ప్రకారం మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, సత్ప్రవర్తన బాండు రాయించుకుని దోషిని వదలొచ్చు. 21 ఏళ్లలోపు వాళ్లనైతే జైలుకు ఎందుకు పంపుతున్నారో కోర్టు కారణం రాసి మరీ చెప్పాలి. రత్తన్‌లాల్ కేసులో పదహారేళ్ల బాలుడికి ఈ చట్టాన్ని వర్తింపజేస్తూ మెజారిటీ తీర్పు రాసింది మన రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావే. ట్రయల్ కోర్టు శిక్ష వేసేనాటికి అక్కడ చట్టం ఇంకా అమల్లోకి రాకపోయినా, అప్పీలు కోర్టు ఆ మేలు చేయొచ్చని ఆయన అన్నారు.

అలాగని ఈ తలుపు అందరికీ తెరిచి లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద దోషులుగా తేలిన 18 ఏళ్లు దాటిన వాళ్లకు ప్రొబేషన్ ఉండదు. పోలీసులపై దాడిని కూడా ఆ జాబితాలో చేర్చాలా?

భారతీయ న్యాయ సంహితలో మూడు మెట్లున్నాయి. విధుల్ని అడ్డుకోవడానికి దౌర్జన్యం చేస్తే సెక్షన్ 132, రెండేళ్ల దాకా జైలు. గాయపరిస్తే సెక్షన్ 121, ఐదేళ్ల దాకా. పాత ఐపీసీలో ఇది మూడేళ్లే. తీవ్రంగా గాయపరిస్తే కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్లు. వీటిలో ఏదీ యావజ్జీవం కాదు కాబట్టి మూడింటికీ ప్రొబేషన్ అడగొచ్చు. కనీస శిక్ష పెట్టారుగా అంటారా? మారణాయుధంతో దోపిడీకి ఐపీసీలో ఏడేళ్ల కనీస శిక్ష ఉన్నా, ప్రొబేషన్‌కు అది అడ్డు కాదని 2021లో లఖ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పరిమితి పెట్టాల్సింది ఈ మూడో మెట్టు దగ్గర. ఎముక విరిగేలా కొట్టినవాడికీ, రెండోసారి అదే పని చేసినవాడికీ బాండు రాయించుకుని పంపడం ఆ కానిస్టేబుల్ కుటుంబానికి అన్యాయమే. సెక్షన్ 132 సంగతి వేరు. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో ఒక తోపు, ధర్నాలో బారికేడ్ దగ్గర పెనుగులాట.. అన్నీ అందులోకే వస్తాయి. అక్కడ జడ్జికి ఎంచుకునే వీలు ఉండాల్సిందే. తోసినవాడిదీ, తోయించుకున్నవాడిదీ చాలాసార్లు ఒకే వయసు. ఇద్దరూ ఒకే కోచింగ్ సెంటర్‌లో చదివి ఉన్నా ఆశ్చర్యం లేదు.

పైగా జైలు తప్పినంత మాత్రాన అంతా తప్పినట్టు కాదు. 132 నాన్‌బెయిలబుల్. ఎస్సై గారు ‘పోనీలే’ అన్నా రాజీ కుదరదు, ఎందుకంటే ఇది రాజీ పడదగ్గ నేరాల జాబితాలో లేదు. కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకూ కోర్టు మెట్లెక్కాలి. ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 ‘శిక్ష పడింది కాబట్టి అనర్హుడు’ అనే ముద్ర నుంచి కాపాడుతుంది. కానీ చేసిన పని చెరిగిపోదనీ, శాఖాపరమైన చర్య తీసుకోవచ్చనీ 1975లోనే చెల్లప్పన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో ‘మీ మీద కేసులున్నాయా?’ అనే గడి ఉంటుంది. కొట్టేసిన కేసైనా, ప్రొబేషన్ వచ్చిన కేసైనా అడిగిన మేరకు ఉన్నదున్నట్టు రాయండి. చిన్నాచితకా కేసయితే, దాచిపెట్టినా యజమాని చూసీచూడనట్టు వదిలేసే వీలుందని 2016 నాటి అవతార్‌సింగ్ తీర్పు అంటుంది. పోలీసు మీద దాడి కేసును, అదీ పోలీసు ఉద్యోగపు ఫారంలో దాచితే, చిన్నదని ఎవరూ అనుకోరు.