గుఱి నెఱిగిన మందు

"అయ్యా, మా తాతగారికి కడుపులో క్యాన్సరు ముదిరినదట. ఇక మందెందుకని యింటివారనుచున్నారు. నిజమేనా?" అని నా తరగతిలోని బాలుడొకడు నన్నడిగెను. చదువరులందఱికి నుపయోగపడునని యా ప్రశ్నకు సమాధానము నిట వ్రాయుచున్నాను.

జీర్ణకోశపు గోడలోను, చిన్నప్రేగులోను జిస్టు అను నరుదైన క్యాన్సరు పుట్టును. అది వ్యాపించినచో శస్త్రచికిత్సచే తీసివేయుట కష్టము. మామూలు కీమోథెరపీకి లొంగదు. పూర్వమట్టి రోగులలో సగముమందికి పైగా రెండేండ్లు దాటలేదు.

1998లో జపాను పరిశోధకులు దాని మూలమును కనుగొనిరి. మన కణములలో కొన్నిటిపై కిట్ అను ప్రోటీను గలదు. అది బడిగంట వంటిది. ఆజ్ఞ యైనపుడే మ్రోగి, కణమును విభజన పొందుమని పిలుచును. జిస్టు రోగులలో పెక్కుమందికి జన్యువు మాఱుటచే నా గంట యెవరును కొట్టకయే మ్రోగుచుండును. కణములు మితిమీఱి పెరుగును.

ఇమాటినిబ్ అను మాత్ర యా గంట నాలుకను పట్టుకొనును. కిట్ పనిచేయుటకు ఏటీపీ యను శక్తిపదార్థము దానిలోని గుంటలో చేరవలెను. మందు ముందుగానే యా గుంట నాక్రమించును. 2002లో అమెరికా ప్రభుత్వము దీనిని జిస్టునకు వాడ ననుమతించెను. దీనితో ననేకులు ఐదేండ్లు, అంతకు మించియు జీవించిరి.

వెల మాటయేమి? హైదరాబాదులోని నాట్కో సంస్థ 2003లో నీ మందును వీనాట్ అను పేర విక్రయింప మొదలిడెను. నోవార్టిసు వారి మందు నెలకు లక్ష రూపాయలు దాటగా, దేశీయమైనది సుమారు 10,000 రూపాయలకు లభించెను. 2013 ఏప్రిలు 1న సుప్రీంకోర్టు నోవార్టిసు పేటెంటు కోరికను త్రోసిపుచ్చెను.

అయినను నిది సంజీవని కాదు. వ్యాధి సాధారణముగ నణగియుండునే కాని సమూలముగ పోదు. కొంతకాలమునకు మందును తప్పించుకొననువచ్చును. మఱియు గుఱి లేనిచోట మందు వ్యర్థము. హెర్2 గుర్తున్న జీర్ణకోశ క్యాన్సరునకే ట్రాస్టుజుమాబ్ తగును. పెద్దప్రేగు క్యాన్సరులో రాస్ జన్యువు మాఱినచో సెటుక్సిమాబ్ పనిచేయదు. కావున గడ్డనుండి తీసిన ముక్కను పరీక్షించిన పిదపనే యిట్టి మందు నిర్ణయింపవలెను.

ఆ బాలునితో నేనిట్లంటిని: "నాయనా, తాతగారికి నయమగునని నేను చెప్పజాలను. కాని 'ఇది యే రకము? గుర్తుల పరీక్ష జరిగినదా?' అని వైద్యుని అడుగుమని మీ తండ్రిగారికి చెప్పుము. అడుగకమునుపే ఆశ విడువవలదు."