బరువెత్తితే జబ్బ ఎందుకు మండుతుంది?

డంబెల్ పట్టుకుని ఆపకుండా చేతిని మడుస్తూ, చాపుతూ ఉండండి. మొదట సులువుగానే సాగుతుంది. కాసేపటికి జబ్బ భగ్గుమంటుంది! దించి ఒకటి రెండు నిమిషాలు ఆగితే చల్లారుతుంది. ఏమిటీ వింత?

బిగిసిన కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. ఆక్సిజన్ చాలదు. శక్తి మాత్రం తక్షణం కావాలి. అందుకని కండరం తనలోని గ్లైకోజన్‌ను ఆక్సిజన్ లేకుండానే విడగొట్టుకుంటుంది. అప్పుడు లాక్టేట్ పుడుతుంది, ఆమ్లత్వం పెరుగుతుంది. బరువు దించాక నెత్తురు మళ్ళీ పారి వీటిని కడిగేస్తుంది.

అలసిన కప్ప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుందని 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు చూపారు. ఇక నేరమంతా దాని నెత్తినే పడింది. పాపం, అది ఒంటరి దొంగ కాదు!

2014లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరి బొటనవేలి కండరంలోకి లాక్టేట్‌ను, ఆమ్లాన్ని, కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని విడివిడిగా సూదితో ఎక్కించారు. ఏమీ అనిపించలేదు. మూడూ కలిపి ఎక్కించేసరికి, ఏ పనీ చేయని ఆ వేలికి అలసట వచ్చింది. మోతాదు పెంచితే నొప్పి పుట్టింది. మూడూ కలిస్తేనే నాడుల కొనలు మేల్కొంటాయన్నమాట.

మరునాటి నొప్పి సంగతి వేరు. అది అలవాటులేని శ్రమవల్ల కండర తంతువులకు తగిలే సూక్ష్మమైన గాయాల ఫలితం. లాక్టేట్ అప్పటిదాకా ఉండనే ఉండదు. చాలాభాగం గంటలోపే ఖర్చయిపోతుంది. గుండె సైతం దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది.