ఇంటి కావలికి వినే చెవి

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలయ్యేసరికి మన పల్లెల్లో ఎన్నో ఇళ్లకు తాళం పడుతుంది. పిల్లలు సండే స్కూలుకు, పెద్దలు ఆరాధనకు వెళతారు. పత్తి తీసే రోజుల్లో, వరి కోసే రోజుల్లో పొద్దుగూకే వరకు ఇల్లు ఖాళీయే. మరికొన్ని ఇళ్లకు తాళం పడదు గాని, లోపల ఉండేది ముసలి తల్లో, తండ్రో ఒక్కరే. కొడుకు హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉంటాడు. కూతురు అత్తవారింట ఉంటుంది. ఒకప్పుడు అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని వీధిని చూస్తూ ఉండేవారు. ఇప్పుడు అరుగులూ తగ్గాయి, కూర్చునేవారూ తగ్గారు.

అందుచేత పల్లెల్లో కూడా కొందరు తీగలు లేని అలారం పెట్టించుకుంటున్నారు. పండుగకు వచ్చిన కొడుకు ఒక పెట్టె కొని తెచ్చి గోడకు బిగిస్తాడు. సెలవు అయిపోగానే వెళ్లిపోతాడు. నెల తిరిగేసరికి తలుపు తీసినా అది మోగదు. లేదా అర్ధరాత్రి ఏ కారణమూ లేకుండా మోగుతుంది. అలా రెండు మూడుసార్లు జరిగితే అమ్మ దాని స్విచ్ కట్టేస్తుంది. అంతటితో ఆ కావలి ముగిసినట్లే. డబ్బు పోయిన సంగతి అలా ఉంచి, ఇంటికి కాపలా ఉందన్న తప్పుడు ధైర్యం మాత్రం మిగిలిపోతుంది.

చాలాసార్లు తప్పు పెట్టెలో ఉండదు. దానిని పెట్టిన చోటులో, పరీక్షించని మన నిర్లక్ష్యంలో ఉంటుంది. గనుక ఆ పెట్టె ఏమిటో, దానిని ఎలా అమర్చుకోవాలో ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది.

మొదటి గంట కట్టినవాడు

దొంగ వస్తే దానంతట అదే మోగే విద్యుత్ గంటకు 1853లో అమెరికాలో పేటెంట్ పొందినవాడు ఇంజినీరు కాడు, ఒక సంఘ కాపరి. ఆయన పేరు ఆగస్టస్ రసెల్ పోప్. బోస్టన్ పక్కనున్న సోమర్‌విల్‌లో ఉండేవాడు. తలుపులకు, కిటికీలకు తీగలు కట్టి వాటిని బ్యాటరీకి, గంటకు కలిపాడు. తలుపు తెరుచుకుంటే విద్యుత్ ప్రవహించి గంట మోగేది. దొంగ వెంటనే తలుపు మూసినా గంట ఆగకుండా ఏర్పాటు చేశాడు. 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి ఆ హక్కులు కొని, దానిని పట్టణాల్లో వ్యాపారంగా పెంచాడు.

వంద సంవత్సరాల తరువాత న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. ఆమెకూ భర్తకూ పని వేళలు వేరు. రాత్రిపూట ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు కొడితే ఏమి చేయాలన్నది ఆమె దిగులు. ఆ దంపతులిద్దరూ కలిసి తలుపుకు కెమెరా, పడకగదిలో తెర, సహాయం కోసం నొక్కే మీట గల ఏర్పాటును రూపొందించారు. 1966లో దరఖాస్తు చేయగా 1969లో పేటెంట్ వచ్చింది. ఒక కాపరి, ఒక నర్సు. ఇద్దరూ ఆలోచించినది ఇంట్లో ఉండే మనుషుల గురించే. మనం అలారం కొనేటప్పుడూ ఆలోచన అక్కడినుండే మొదలుకావాలి.

తీగ లేని అలారంలో ఏముంటుంది

ఇందులో మూడు భాగాలు ఉంటాయి. చూసేవి సెన్సర్లు. వినేది రిసీవర్. అరిచేది సైరన్. మన మార్కెట్‌లో దొరికే చాలా సెట్లలో రిసీవర్ ఒక తెల్లని పెట్టె లోపలే ఉంటుంది. కాబట్టి జనం దానిని వేరుగా గుర్తించరు.

తలుపు సెన్సర్ రెండు ముక్కలు. ఒకదానిలో అయస్కాంతం ఉంటుంది. రెండవదానిలో అయస్కాంతానికి స్పందించే సన్నని స్విచ్ ఉంటుంది. ఈ రకం స్విచ్‌ను 1936లో బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టాడు. తలుపు తెరిస్తే అయస్కాంతం దూరమై స్విచ్ స్థితి మారుతుంది. వెంటనే సెన్సర్ తన గుర్తును రేడియో తరంగంగా పంపుతుంది. తలుపు మూసి ఉన్నప్పుడు ఈ రెండు ముక్కల మధ్య సందు సెంటీమీటరు లోపే ఉండాలి. మన పాత టేకు తలుపులు వానాకాలంలో ఉబ్బుతాయి, ఎండాకాలంలో వదులవుతాయి. ఆ సందు మారిపోయి అలారం ఊరికే మోగడానికి ఇది ఒక కారణం.

రెండవ రకం, మనిషి ఒంటి వేడినుండి వచ్చే పరారుణ కిరణాలలో కలిగే మార్పును పసిగట్టే సెన్సర్. దీనిని గది మూలలో సుమారు ఏడు అడుగుల ఎత్తున బిగించాలి. మనిషి దానికి ఎదురుగా నడిచి వచ్చినప్పటికంటే అడ్డంగా దాటినప్పుడు అది బాగా గుర్తిస్తుంది. ఎండపడే కిటికీకి, పొయ్యికి ఎదురుగా పెట్టకూడదు. దాని ముందు బల్లి పాకినా, పిల్లి దూకినా మోగవచ్చు. పిల్లి తిరిగే ఇంట్లో తలుపు సెన్సర్లనే ఎక్కువగా నమ్ముకోవడం మేలు.

రిసీవర్‌కు చోటు చూడండి

మన దగ్గర దొరికే సెట్లలో ఎక్కువ భాగం 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 17 సెంటీమీటర్ల తీగ దానికి సరైన ఏరియల్. కొన్ని పెట్టెలకు ఇది బయట వేలాడుతుంది, కొన్నిటిలో చుట్టగా లోపల ఉంటుంది. బయట తీగ ఉంటే అందంగా లేదని కత్తిరించకండి, చుట్టి పెట్టె వెనుక దోపకండి. దానిని నిటారుగా వదలండి. తీగ పొట్టిదయితే రిసీవర్‌కు చెవుడు వచ్చినట్లే.

అట్టపెట్టె మీద వంద మీటర్లు అని రాసి ఉండవచ్చు. అది అడ్డులేని మైదానంలో లెక్క. ఇంట్లో గోడ గోడకు శక్తి తగ్గుతుంది. మందమైన మట్టిగోడ, రాతిగోడ, వానకు నానిన గోడ తరంగాన్ని పీల్చుకుంటాయి. ఇనుప బీరువా, రేకుల కప్పు, ఇనుప షట్టరు దానిని అడ్డగిస్తాయి. కాబట్టి ఈ సంగతులు గుర్తుంచుకోండి.

రిసీవర్‌ను ఇంటి మధ్యలో, అన్ని సెన్సర్లకూ ఇంచుమించు సమాన దూరంలో పెట్టండి. నేలమీదగాని, బీరువా వెనుకగాని కాక, మనిషి తలకంటే కొంచెం ఎత్తున గోడకు బిగించండి. ఇన్వర్టర్, ఫ్రిజ్, టీవీ, మోటారు స్టార్టర్‌కు కనీసం మూడు నాలుగు అడుగులు ఎడంగా ఉంచండి. అవి పుట్టించే విద్యుత్ రొదలో సెన్సర్ సన్నని పిలుపు వినబడదు. వీధి తలుపు తీయగానే కనిపించే చోట మాత్రం వద్దు. దొంగ మొదట పీకేది దానినే.

గోడకు మేకులు కొట్టకముందే ఒక పని చేయండి. రిసీవర్‌ను అనుకున్న చోట ఒకరు చేత్తో పట్టుకుని నిలబడాలి. మరొకరు అన్ని తలుపులూ తీసి చూడాలి. ఏదైనా ఒక తలుపు వినబడకపోతే రిసీవర్‌ను రెండు అడుగులు జరిపి మళ్లీ చూడండి. ఒక్కోసారి ఆ రెండు అడుగులే సరిపోతాయి.

గుర్తులు నేర్పించడం

కొత్త రిసీవర్‌కు మీ ఇంటి సెన్సర్లేవో తెలియదు. దానికి ఒక్కొక్కటీ నేర్పాలి. సాధారణంగా పెట్టె మీద నేర్పే మీట ఒకటి ఉంటుంది. దానిని నొక్కి, లైటు వెలగగానే తలుపు సెన్సర్ అయస్కాంతాన్ని దూరం చేయాలి. పెట్టె బీప్ అంటే గుర్తు పట్టిందని అర్థం. ఇలా ఒక్కొక్క సెన్సర్‌కు నంబరు వస్తుంది. ఆ నంబర్లను కాగితం మీద తెలుగులో రాయండి. ఒకటి వీధి తలుపు, రెండు పెరటి తలుపు, మూడు వంటిల్లు అని. ఆ కాగితాన్ని బీరువా తలుపుకు లోపలివైపు అంటించండి. రాత్రి రెండు గంటలకు పెట్టె మీద మూడు అని వెలిగితే, అది ఏ గదో ఇంట్లోవారికి తెలియాలి కదా!

పెట్టెతో వచ్చిన రహస్య సంఖ్యను ఆ రోజే మార్చండి. ఒకటి రెండు మూడు నాలుగు అన్న సంఖ్య అందరికీ తెలిసినదే. ఇంకొక మాట: చవక రిమోట్లు ఎప్పుడూ ఒకే గుర్తును పంపుతాయి. తెలిసినవాడు దానిని పట్టి దాచుకుని మళ్లీ పంపగలడు. నొక్కిన ప్రతిసారీ గుర్తు మారే రిమోట్ కాస్త ఖరీదైనా మంచిది. అలాగే చవక సెన్సర్ తన పిలుపు పంపి ఊరుకుంటుంది. అవతల ఎవరైనా విన్నారో లేదో దానికి తెలియదు. మంచి సెట్లలో సెన్సర్లు అప్పుడప్పుడు తాము పనిచేస్తున్నామని రిసీవర్‌కు చెబుతుంటాయి. చెప్పకపోతే రిసీవర్ హెచ్చరిస్తుంది. కొనేటప్పుడు ఈ రెండు సంగతులూ అడగండి.

నడిచి చూడండి

నెలకు ఒకసారి, ఫలానా రోజని పెట్టుకుని, ఇంట్లో ఉండేవారే అలారాన్ని పరీక్షించాలి. పక్కింటివారికి ముందుగా చెప్పి, ప్రతి తలుపూ తీసి, ప్రతి గదిలో నడవండి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కదలికను చూసే సెన్సర్ బ్యాటరీ ఆదా చేయడానికి, ఒకసారి పిలుపు పంపాక కొన్ని నిమిషాలు మౌనంగా ఉంటుంది. వెంటనే రెండోసారి నడిస్తే పలకదు. అది చెడిపోయిందని అనుకోకండి. కొంతసేపు గదిలోకి ఎవరూ వెళ్లకుండా ఆగి మళ్లీ చూడండి. కొన్నిటిలో పరీక్ష కోసం వేరే స్విచ్ ఉంటుంది.

కరెంటు మెయిన్ కట్టేసి కూడా ఒకసారి చూడండి. పల్లెలో కరెంటు పోవడం వింత కాదు. కావాలని ఫ్యూజు పీకే దొంగలూ ఉన్నారు. పెట్టె లోపలి బ్యాటరీ మీద అలారం మోగాలి. సెన్సర్లలోని చిన్న బ్యాటరీలు అన్నీ ఒకేసారి మార్చి, తేదీ వాటి మీద రాసిపెట్టండి.

పెట్టెలో సిమ్ పెట్టి ఫోన్ చేయించే రకమైతే మరో జాగ్రత్త ఉంది. పాత సెట్లు 2జీ మీదనే పనిచేస్తాయి. జియోకు 2జీ లేదు గనుక ఆ సిమ్ వాటిలో పలకదు. ఏ సిమ్ అయినా రీచార్జి గడువు దాటితే మూగదవుతుంది. ఆ తేదీని క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

మొదటి ఫోన్ ఎవరికి?

ఇన్నీ చేశాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. అలారం మోగితే వచ్చేదెవరు?

పెట్టెలో ఫోన్ నంబర్లు ఎక్కించేటప్పుడు మొదటి నంబరు కొడుకుది వేస్తారు. కువైట్‌లో ఉన్న కొడుకు అర్ధరాత్రి ఫోన్ ఎత్తి ఏమి చేయగలడు? అతడు కంగారు పడతాడు, అంతే. మొదటి నంబరు రెండు నిమిషాల్లో నడిచి రాగలవారిది ఉండాలి. పక్కింటి బాబాయిది, ఎదురింటి వదినది. కొడుకు నంబరు మూడోది కావచ్చు. అందరికీ ముందే చెప్పండి: ఒక్కరే చీకట్లో వెళ్లవద్దు, దొంగకు ఎదురు నిలవవద్దు, లైట్లు వేసి కేకలు వేయండి, 112కు ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్నవారు గది తలుపు గడియ పెట్టుకుని లోపలే ఉండాలి.

ఒంటరిగా ఉండే అమ్మ మెడలో వేసుకునే సహాయపు మీట కూడా ఇదే రిసీవర్‌తో పనిచేస్తుంది. నిజానికి దొంగ రాకపోవచ్చు గాని, వయసు మళ్లినవారు జారి పడటం తరచుగా జరిగేదే. ఆ మీటను హాలులో నొక్కి చూసి తృప్తి పడకండి. స్నానాల గదిలో, పశువుల కొట్టంలో, పెరట్లో బావి దగ్గర నొక్కి చూడండి. వారు పడిపోయే చోట్లు అవే. అక్కడినుండి వినబడకపోతే రిసీవర్ చోటు మార్చాలి. స్నానానికి వెళ్లేటప్పుడు దానిని తీసి మేకుకు తగిలించవద్దని అమ్మకు మరీ మరీ చెప్పండి.

రాబోయే సెలవులకు ఇంటికి వెళ్లే కొడుకులారా, కూతుళ్లారా, అలారం పెట్టె బిగించి వచ్చేయకండి. ఒక పూట అమ్మ పక్కన కూర్చోండి. మోగించడం, ఆపడం ఆమె చేతనే పదిసార్లు చేయించండి. పక్కింటికి వెళ్లి, మా ఇంటి సైరన్ ఇలా ఉంటుందని ఒకసారి వినిపించి, మీరే మాకు దిక్కని చెప్పి రండి. రిసీవర్ సెన్సర్ల పిలుపు వింటుంది. సైరన్ పిలుపు వినవలసింది మాత్రం పొరుగువారే.