దుంగ ఆగుతుంది, వడ్డీ ఆగదు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా కర్లపాలెం చుట్టుపక్కల ఎన్నో చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. మందిరం ఆవరణలోని వేపచెట్టు కూడా పడిపోయింది. వంటచెరకు కింద అమ్మేద్దామని పెద్దలు అనుకుంటుండగా మా సంఘంలోని వడ్రంగి సోదరుడు వచ్చి మానును చేత్తో తట్టి చూశాడు. "అయ్యగారూ, దీన్ని పొయ్యిలో పెట్టించకండి. మందిరానికి ద్వారబంధాలు వస్తాయి. నా మిషను వచ్చేదాకా ఉంచండి" అన్నాడు.

ఆ మిషను సంగతి సంఘమంతటికీ తెలుసు. ఇంటి పెరట్లోనే పెట్టుకోగల చిన్న కోత యంత్రమది. దుంగ పట్టాల మధ్య కదలకుండా ఉంటుంది, రంపమే దాని మీదుగా నడుస్తుంది. రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే సన్నటి బ్లేడు కాబట్టి, గుండ్రటి రంపంతో పోలిస్తే పొట్టు కింద పోయే కర్ర తక్కువ. ఇన్నాళ్ళూ ఆయన ప్రతి దుంగనూ ట్రాక్టరు కెక్కించి, టింబరు డిపోలో తన వంతు కోసం కాచుకుని, కిరాయీ కోత కూలీ కట్టి, పలకలు తెచ్చుకునేవాడు. మిషను పెరట్లో ఉంటే ఆ ఖర్చంతా మిగులుతుంది. పైగా హైదరాబాదులో పనిచేస్తున్న కొడుకు, మిషను వస్తే ఇంటికి వచ్చేస్తానన్నాడు. తల్లిదండ్రులకు అసలు ఆశ అదే.

అయితే మన దేశంలో దుంగలు కోసే యంత్రాన్ని కొనగానే నడపడానికి వీల్లేదు. అడవుల నరికివేతపై విచారిస్తూ సుప్రీం కోర్టు 2002 అక్టోబరు 30న, కేంద్ర సాధికార కమిటీ ముందస్తు అనుమతి లేనిదే కొత్త సామిల్లులు తెరవనివ్వరాదని రాష్ట్రాలను ఆదేశించింది. 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చి ఆ పరిశీలనను రాష్ట్రస్థాయి కమిటీలకు అప్పగించింది. అడవులను కాపాడే నియమం కాబట్టి దాన్ని మేము తప్పుపట్టం. కానీ కాగితాల కోసం ఆ సోదరుడు తిరిగిన తిరుగుడు మాకు తెలుసు. తీరా అనుమతి వచ్చి, డబ్బు కట్టాక, అమ్మినవారు వచ్చే వారం అన్నారు. ఆ తర్వాత మళ్ళీ వచ్చే వారమే అన్నారు. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఈలోగా మానును దుంగలుగా కోయించి నీడలోకి దొర్లించాడు. పచ్చి దుంగ చివరల నుంచే త్వరగా ఆరుతుంది, అక్కడే మొదట పగుళ్ళు వస్తాయి. అందుకని రెండు కొసలకూ మిగిలిపోయిన రంగు పూశాడు. నేల చెమ్మ తగలకుండా కింద రాళ్ళు పెట్టాడు. రోజూ ఒకసారి వచ్చి చూసి వెళ్ళేవాడు.

ఒక ఆదివారం మేము యాకోబు పత్రిక 5వ అధ్యాయం నుండి ప్రసంగించాము. వర్షం కోసం, పంట కోసం ఓపికతో కనిపెట్టే రైతును గురించి చెప్పి, మిషను కోసం చూస్తున్న కుటుంబాన్ని కూడా ఉదాహరణగా తీసుకున్నాము. ప్రసంగం బాగానే కుదిరిందనుకున్నాము. ఆరాధన ముగిశాక ఆ సోదరుని భార్య దగ్గరకు వచ్చింది. "ఓపిక పట్టమన్నారు, పడతామండి అయ్యగారూ. వడ్డీయే ఓపిక పట్టడం లేదండి" అంది. ఆమె గొంతులో కోపం లేదు. డ్వాక్రా అప్పు కొంత, బయట వడ్డీకి తెచ్చింది కొంత అని ఆ రోజే మాకు తెలిసింది. అంతకుముందు మేము అడగనే లేదు.

ఆ సోదరుని తాతగారు చేతిరంపం కోతగాడు. గోతి మీద దుంగను పడుకోబెట్టి ఒకరు పైన, ఒకరు కింద నిలబడి లాగేవారట. పైనున్నవాడికి గీసిన గీత కనిపిస్తుంది. కిందివాడి కళ్ళలో పొట్టు పడుతుంది. ఆ ఆదివారం మేము పైన నిలబడి గీత గురించి చెప్పాము.

ఇంటికి వెళ్ళి కర్ర కోసం కనిపెట్టినవారి కథలను బైబిలులో మళ్ళీ చదివాము. సొలొమోను మందిరానికి లెబానోను నుండి దేవదారు మ్రానులు రావాలి. వాటిని తెప్పలుగా కట్టి సముద్రం మీద యొప్పేకు తేవడానికీ, అక్కడి నుండి యెరూషలేముకు చేర్చడానికీ ఏర్పాటు జరిగింది. కనిపెట్టే కాలంలో రాజు ఊరికే లేడు. హీరాము ఇంటివారికి ఏటేటా గోధుమలు, నూనె పంపాడు. ఇశ్రాయేలీయులలో 30,000 మందిని వెట్టికి పెట్టి, నెలకు 10,000 మంది చొప్పున లెబానోనుకు పంపాడు, ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంటి దగ్గర (1 రాజులు 5). ఏర్పాటు చక్కగా ఉందని మనం మెచ్చుకుంటాం. అయితే అదే గ్రంథం 12వ అధ్యాయానికి వచ్చేసరికి, నీ తండ్రి మోపిన కాడి బరువైనదని జనం రెహబాముతో మొరపెట్టుకుంటారు. వెట్టిపనివారిపై అధికారిని రాళ్ళతో కొట్టి చంపుతారు. ఏడేళ్ళలో మందిరం లేచింది. దాని బరువును మోసినవారు మాత్రం మరచిపోలేదు.

చెర నుండి తిరిగివచ్చినవారి కథ మరోలాంటిది. వాళ్ళు కూడా లెబానోను నుండి దేవదారు తెప్పించారు (ఎజ్రా 3:7). శత్రువుల అడ్డంకితో పని ఆగి, దాదాపు 16 ఏళ్ళు అలాగే ఉండిపోయింది. ఇంకా సమయం రాలేదంటూ జనం తమ ఇళ్ళకు మాత్రం సరంబీలు వేయించుకున్నారు. అప్పుడు హగ్గయి ప్రవక్త కొండెక్కి మ్రాను తెమ్మన్నాడు. ఓపిక అని మనం పిలిచేదానిలో కొంత ఉత్త బద్ధకమేనేమో!

మన ప్రాంతపు చరిత్రలో దీనికి భిన్నంగా కనిపెట్టిన ఒక మనిషి ఉన్నాడు. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. 1876-78 నాటి దక్షిణాది కరవులో ఆ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ తవ్వకాన్ని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడుగుతున్నా, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని సుమారు 15 నెలలు వాయిదా వేశాడు. చివరకు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మన సంఘాల్లో తరచుగా చెప్పుకుంటాం. దాని వెనకనున్న కాలువ పనిని అంతగా చెప్పుకోము. బాప్తిస్మానికి ఆగమన్న మనిషి కూలికీ కూటికీ ఆగమనలేదు.

మరుసటి బుధవారం పెద్దలను కూర్చోబెట్టాము. మందిరం బల్లలు బాగుచేసే పని ఎప్పటినుంచో ఉంది. ఆ పనిని ఆ సోదరునికే అప్పగించి కూలి ముందుగా ఇచ్చాము. స్త్రీల సమాజం వారు రెండు నెలల పిడికెడు బియ్యం ఆ ఇంటికి చేర్చారు. బయటి అప్పు మీద వడ్డీని ఇద్దరు పెద్దలు, మేము పంచుకున్నాము. ఒక పెద్దాయనకు ఇది నచ్చలేదు. రేపు ప్రతివాడూ అప్పుచేసి మన దగ్గరకు వస్తాడు అన్నాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు, జవాబు మాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఒక సాయంత్రం 216 హైవే మీదుగా లారీ వచ్చింది. మిషను దింపడానికి మా యువకులు పదిమంది వెళ్ళారు. వచ్చే వారం కొడుకు కూడా దిగాడు. మొదటి కోత వేపదే. పలక విడివడగానే చేదు వాసన పెరడంతా నిండింది. మేము పలక మీద చెయ్యి వేసి ద్వారబంధాలు ఎప్పుడు నిలబెడదామని అడిగాము.

"ఇప్పుడే ఎక్కడండి అయ్యగారూ, పచ్చిది, మెలి తిరిగిపోతుంది" అన్నాడాయన. అంగుళం మందానికి ఏడాది ఆరాలని వాళ్ళ లెక్కట. పలకకూ పలకకూ మధ్య సన్న బద్దలు పెట్టి, గాలి ఆడేలా నీడలో పేర్చి, పైన బరువు కోసం రాళ్ళు పెట్టాడు. ఆ వారం నుంచే ఊళ్ళోవాళ్ళ దుంగలు కోతకు రావడం మొదలైంది. ఆ కూలి డబ్బుల్లోంచి మొదటి వాయిదా వడ్డీ ఆ ఇంటివారే కట్టుకున్నారు. మందిరం పలకలు ఇంకా నీడలోనే ఉన్నాయి.