పేరు పెట్టి పిలిచినా పలుకని బిడ్డ

ఆలయ మండపంలో అక్షరాభ్యాసాలు చేయించే రోజులలో దంపతులొకరు 3 ఏళ్ల బాలుణ్ణి తీసుకొనివచ్చి, మాటలు రాలేదని వాపోయారు. "కొందరికి ఆలస్యమవుతుంది, చింతించకండి" అని ఆశీర్వదించి పంపాను. ఆ మాట అనకుండవలసింది. పేరు పెట్టి పిలిస్తే వాడు తిరిగి చూడలేదు. గంట మ్రోగగానే చెవులు మూసుకున్నాడు. పళ్లెంలోని పసుపుకొమ్ములను పదేపదే వరుసగా పేర్చి, చెదిరితే విలపించాడు. అవి ఆటిజం లక్షణాలని వైద్యులు తేల్చేసరికి మరి 2 ఏళ్లు గడచిపోయాయి.

ఏడాది నిండిన బిడ్డ పిలిస్తే మనవైపు చూస్తుంది. ఏడాదిన్నరకు చందమామను తానే వేలితో చూపి, మనమూ చూశామా అని మన ముఖంలోకి చూస్తుంది. మాటకంటె ముందు గమనించవలసినది ఇదే. 2 ఏళ్లకు "అమ్మా రా" వంటి రెండు మాటల కూర్పు రావాలి. ఇవి కానరాకున్నా, వచ్చిన మాటలు పోయినా పిల్లల వైద్యునికి చూపాలి. ఏ ఒక్క లక్షణంతోనో నిర్ణయించరు, వినికిడినీ పరీక్షిస్తారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో ఇటువంటి పిల్లలకు పరీక్ష, శిక్షణ రెండూ ఉన్నాయి.

ఇది పూర్వజన్మ పాపమనీ, తల్లి పెంపక లోపమనీ అనేవారున్నారు. రెండూ కావు, మెదడు ఎదుగుదలలోని భేదం.

అట్టి బిడ్డతో వచ్చే భక్తులు హారతివేళ గంటకు దూరంగా నిలబడండి. దర్శనం అక్కడినుండీ అవుతుంది.